పెళ్లికి ఏ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ తీసుకోవాలి?

ప్రశ్న: మా స్నేహితురాలి పెళ్లి ఇంకో ఆరు వారాల్లో ఉంది. డిజిటల్‌లో తీయడానికి వేరే ఫోటోగ్రాఫర్ వస్తున్నారు. నన్ను మాత్రం ఫిల్మ్ మీద బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు తీయమని తనే అడిగింది. నా దగ్గర పాత మాన్యువల్ 35 ఎంఎం కెమెరా, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయి. ఏడాదిగా ఫిల్మ్ వాడుతున్నాను కానీ అన్నీ పగటి వెలుతురులో తీసినవే. పెళ్లి సాయంత్రం, హాలు లోపల. దానికి ముందు బయట కొన్ని గ్రూప్ ఫోటోలు ఉంటాయి. గ్రెయిన్ (ఫోటోలో కనిపించే సన్నటి రవ్వలు) తక్కువగా ఉండాలంటే 100 స్పీడ్ వాడమని ఒకరు, హాల్లో 3200 తప్ప పనిచేయదని ఇంకొకరు చెబుతున్నారు. ఎక్స్‌పీ2 అనే ఫిల్మ్ కొని మామూలు కలర్ ల్యాబ్‌లో ఇచ్చెయ్యమని మరొకరు. అన్నీ రెండేసి రీళ్లు కొందామనుకుంటున్నాను. ఫ్లాష్ వాడాలని లేదు. రోజు దగ్గరపడేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఏం తీసుకోమంటారు?

సమాధానం: అన్నీ రెండేసి కొనకండి. 400 స్పీడ్ ఫిల్మ్ ఒక్క రకమే కొనండి (స్పీడ్ అంకె పెరిగేకొద్దీ ఫిల్మ్‌కి తక్కువ వెలుతురు చాలు). ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ గానీ, కొడాక్ ట్రై-ఎక్స్ 400 గానీ. రెండిట్లో మీకు సులువుగా దొరికేది, మీ ల్యాబ్ వాళ్లకు బాగా అలవాటున్నది ఏదైతే అదే. ఈ ఆరు వారాల్లో ఆ ఒక్క ఫిల్మ్‌నే హాల్లాంటి వెలుతురులో వాడి చూడండి. మీకు సలహా ఇచ్చినవాళ్లెవరూ తప్పు చెప్పలేదు, వాళ్లు చెప్పిన ప్రతి ఫిల్మ్‌కూ సరైన చోటు ఉంది. ఆ చోటు మీ పెళ్లి అవునా కాదా అన్నదే చూడాలి. అందుకని ముందు హాలు సంగతి మాట్లాడుకుందాం.

రాత్రిపూట మామూలు దీపాలు వెలిగే గదిలో 400 స్పీడ్ ఫిల్మ్ వేసి, లెన్స్ ఎఫ్/2 దగ్గర పెడితే (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది) షట్టర్ స్పీడ్ సుమారు సెకనులో 60వ వంతు వస్తుంది. అదే చోట 100 స్పీడ్ ఫిల్మ్ అయితే 15వ వంతుకి పడిపోతుంది. 15వ వంతు సెకనులో మీ చెయ్యి నిలకడగా ఉండొచ్చు కానీ పెళ్లివాళ్లు నిలబడరు. తల తిప్పుతారు, నవ్వుతారు, కళ్లు తుడుచుకుంటారు. అవన్నీ మసకబారిపోతాయి. పైగా నేను చెప్పింది కాస్త వెలుతురున్న గది లెక్క. దీపాలు తగ్గించిన హాల్లో ఇంకో రెండు స్టాప్‌లు తక్కువ ఉండటం మామూలే (ఒక్కో స్టాప్ తగ్గితే వెలుతురు సగమైనట్టు). అక్కడ 100 స్పీడ్‌తో సెకనులో నాలుగో వంతు. గ్రెయిన్ ఎంత సన్నగా ఉన్నా ముఖం చెదిరిపోయిన ఫోటోని ఆ ఇంట్లో ఎవరూ దాచుకోరు. ముఖం మీద భావం సరిగ్గా పడితే, గ్రెయిన్ ఎంత గరుకుగా ఉన్నా ఆ ఫోటో గోడ మీదికి వెళ్తుంది. ఈ మాట మీద నాకు ఎలాంటి సందేహమూ లేదు.

400 ఫిల్మ్‌ని 1600గా వాడితే, అంటే రెండు స్టాప్‌లు పుష్ చేస్తే, వెలుతురున్న గదిలో 250వ వంతు, చీకటి మూలల్లో 60వ వంతు దొరుకుతుంది. మీ 50 ఎంఎం లెన్స్‌కి ఇది చాలు. లెన్స్ ఎఫ్/2 దగ్గర ఉన్నప్పుడు, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి విషయంలో స్పష్టంగా వచ్చే లోతు మొత్తం కలిపి దాదాపు 20 సెంటీమీటర్లే. ఇద్దరు పక్కపక్కన ఉండి ఒకరు కొంచెం వెనక్కి జరిగినా వాళ్లలో ఒకరు మసకగా వస్తారు. కాబట్టి వెలుతురు కాస్త ఎక్కువున్న చోట ఎఫ్/2.8కి వెళ్లండి. ఫోకస్ కంటి మీద పెట్టండి.

పుష్ అంటే ఏమిటో ఒకసారి సరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది దీన్ని మంత్రంలా అనుకుంటారు. ఫిల్మ్ అసలు సున్నితత్వం పెద్దగా పెరగదు. మీరు తక్కువ వెలుతురు ఇచ్చి, డెవలపర్‌లో, అంటే ఫిల్మ్ కడిగే రసాయనంలో, ఎక్కువసేపు ఉంచుతారు. దాంతో ముఖాలు, తెల్లటి బట్టలు లాంటి వెలుతురు భాగాలు పైకి వస్తాయి. నీడ భాగాలకు అసలు వెలుతురే అందలేదు కాబట్టి అవి ఎంతసేపు ఉంచినా రావు. ముదురు రంగు కోటు మడతలు, నల్లటి జుట్టులోని పాయలు కలిసిపోయి ఒకే నలుపుగా మిగులుతాయి. కాంట్రాస్ట్, అంటే తెలుపు నలుపుల మధ్య తేడా, పెరుగుతుంది. ఉదాహరణకు, హెచ్‌పీ5 ప్లస్‌ని 400గా వాడితే నీళ్లు కలపని ఐడీ-11 డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు, 1600గా వాడితే 14 నిమిషాలు ఉంచమని ఇల్‌ఫర్డ్ చెబుతుంది. దాదాపు రెట్టింపు సమయం. హాల్లో దీపాలన్నీ పైనుంచి పడుతూ, కళ్ల కింద నీడలు గట్టిగా ఉంటే ఈ కాంట్రాస్ట్ ముఖాలకు మంచిది కాదు. అలాంటప్పుడు మనుషుల్ని జరపలేం కాబట్టి మీరే జరగండి. కిటికీ వైపో, వెలుతురు పక్కనుంచి పడే వైపో చేరండి. సగం అవసరాలకు 800 సరిపోయేలా ఉంటే 1600 దాకా వెళ్లకండి. ట్రై-ఎక్స్‌కి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. దాన్ని 800గా వాడినా డెవలపింగ్ సమయం మార్చక్కర్లేదని కొడాకే చెప్పింది. ఆ ఫిల్మ్‌కి అంత ఓర్పు ఉంది.

ఆ ఓర్పు కోసమే ఈ రెండు పాత తరహా ఫిల్మ్‌లను చెబుతున్నాను. ట్రై-ఎక్స్ 35 ఎంఎం రీళ్లుగా వచ్చింది 1954లో. హెచ్‌పీ5 ప్లస్ 1989లో వచ్చినా దాని వంశం చాలా వెనక్కి వెళ్తుంది. వీటిలో వెండి స్ఫటికాలు పాత పద్ధతివి. కొడాక్ టీ-మ్యాక్స్, ఇల్‌ఫర్డ్ డెల్టా కొత్త తరహావి. వాటి స్ఫటికాలు బిళ్లల్లా పల్చగా ఉంటాయి కాబట్టి అదే స్పీడ్‌లో గ్రెయిన్ సన్నగా, అంచులు పదునుగా వస్తాయి. టీ-మ్యాక్స్ 400 చాలా గొప్ప ఫిల్మ్. కానీ డెవలపింగ్‌లో వేడి ఒకటి రెండు డిగ్రీలు మారినా, డబ్బా ఊపడంలో తేడా వచ్చినా అది త్వరగా బయటపెట్టేస్తుంది. తెల్లటి బట్టల్లోని అల్లిక ప్రింట్‌లో మాయమైపోవచ్చు. మీరే ఇంట్లో కడుగుతూ, ప్రతిసారీ ఒకే పద్ధతి పాటించేవాళ్లయితే నేను టీ-మ్యాక్స్ వద్దనను. వేరేవాళ్ల చేతికి ఇచ్చే రీలు అయితే మాత్రం చిన్న చిన్న తప్పులు మన్నించే ఫిల్మే మేలు. పెళ్లిని రెండోసారి జరిపించలేం కదా.

ఇప్పుడు ఎక్స్‌పీ2 సూపర్ సంగతి. ఇది బ్లాక్ అండ్ వైటే అయినా కలర్ నెగటివ్‌లు కడిగే సీ-41 రసాయనాల్లో కడగాలి. చివరికి నెగటివ్‌లో వెండి మిగలదు, రంగు పదార్థమే మిగులుతుంది. దాని గ్రెయిన్ స్వభావం మామూలు ఫిల్మ్‌కి తలకిందులు. వెలుతురు ఎక్కువ ఇచ్చేకొద్దీ నున్నగా అవుతుంది. ఒకే రీలులో కొన్ని ఫ్రేములు 200గా, కొన్ని 400గా తీసినా ఒకే సమయం కడిగితే పని జరుగుతుంది. ఆరుబయట తీసే పెళ్లికి, దగ్గర్లో మంచి బ్లాక్ అండ్ వైట్ ల్యాబ్ లేనివాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఇంకో లాభం, స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము, గీతలు తీసేసే సదుపాయం దీని మీద పనిచేస్తుంది. వెండి మిగిలే మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద అది పనిచేయదు. అయితే మీ పెళ్లి చీకటి హాల్లో. అక్కడ 800 దాటితే ఎక్స్‌పీ2 నెగటివ్ పల్చబడి, నీడలు బురద రంగులోకి దిగుతాయి. మీ అవసరానికి అది ఒక మెట్టు తక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. హెచ్‌పీ5నో ట్రై-ఎక్స్‌నో పొరపాటున సీ-41 మిషన్‌లో వేస్తే ఏమీ మిగలదు. ఆ పద్ధతిలో చివరికి వెండి మొత్తాన్ని తీసేస్తారు. మన ఫిల్మ్‌లో బొమ్మంతా వెండే కాబట్టి ఖాళీ ఫిల్మ్ చేతికొస్తుంది. ఇది నాకు జరిగింది. ఒక పెళ్లి తాలూకు రీలు, కవరు మీద బ్లాక్ అండ్ వైట్ అని రాసి ఇచ్చాను. ల్యాబ్‌లో ఎవరో చూసుకోకుండా కలర్ రీళ్లతో పాటు వేసేశారు. గాజులా తేటగా ఉన్న ఫిల్మ్ పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డ ఆ సాయంత్రం నాకింకా గుర్తుంది. ఆ రీలులో పెళ్లికూతురి నాయనమ్మ ఉంది. ఆవిడ ఎక్కువగా ఆ రీలులోనే ఉంది. ఆ కుటుంబానికి ఫోన్ చేసి చెప్పడం నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. అప్పటినుంచి కవరు మీద రాయడంతో ఆగను. రీలు డబ్బా మీదే టేపు అంటించి, బ్లాక్ అండ్ వైట్ అని, ఏ స్పీడ్‌గా వాడానో పెద్ద అక్షరాలతో రాస్తాను. కౌంటర్‌లో ఉన్న మనిషికి నోటితో కూడా చెబుతాను. మీరూ చెయ్యండి.

3200 ఫిల్మ్‌ల గురించి రెండు మాటలు. ఇల్‌ఫర్డ్ డెల్టా 3200, కొడాక్ టీ-మ్యాక్స్ పీ3200 రెండూ పేరుకు 3200 కానీ వాటి అసలు స్పీడ్ సుమారు 1000 దరిదాపుల్లోనే ఉంటుంది. పుష్ చేయడానికే తయారుచేసిన ఫిల్మ్‌లవి. అసలు కాంట్రాస్ట్ తక్కువగా పెట్టారు కాబట్టి ఎక్కువసేపు కడిగినా ముఖాలు గట్టిపడవు. పీ3200ని కొడాక్ 2012లో ఆపేసి 2018లో మళ్లీ తెచ్చింది. మీరు హాలుకు వెళ్లి వెలుతురు కొలిచే మీటర్ చూసినప్పుడు, 1600 దగ్గర, ఎఫ్/2తో 30వ వంతు కూడా రాకపోతే అప్పుడు మాత్రం హాలుకి డెల్టా 3200 తీసుకోండి. అంతకన్నా వెలుతురు ఉంటే 400ని పుష్ చేయడమే నాకిష్టం. గ్రెయిన్ సన్నగా ఉంటుంది, బయట వాడిన ఫిల్మే కావడంతో ఫోటోలన్నీ ఒకే కుటుంబంలోవిలా కనిపిస్తాయి.

బయట గ్రూప్ ఫోటోలకు 400 ఎక్కువైపోతుందేమోనని మీకు అనుమానం రావచ్చు. నిండు ఎండలో 400 స్పీడ్‌తో ఎఫ్/11 దగ్గర 1000వ వంతు వస్తుంది. పాత మాన్యువల్ కెమెరాల్లో చాలావాటికి అదే ఆఖరి స్పీడ్. గ్రూప్ ఫోటోకి ఎలాగూ ఎఫ్/8, ఎఫ్/11 కావాలి, ముందు వరసా వెనక వరసా రెండూ స్పష్టంగా రావాలి కదా. అంటే ఇబ్బందేమీ లేదు. అసలు ఎండలో నిలబెట్టొద్దు, కళ్లు చికిలిస్తారు. ఒక భవనం నీడలోకో చెట్టు నీడలోకో తీసుకెళ్తే ఎఫ్/5.6, 500వ వంతు దగ్గరకొస్తుంది, ముఖాల మీద వెలుతురు మెత్తగా పడుతుంది. జంటను ఎండలోనే, వెనకంతా మసకగా తీయాలనుకుంటే లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గించే మూడు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి పెట్టుకోండి, ఎఫ్/4 దొరుకుతుంది. దానికోసం ఎఫ్‌పీ4 లాంటి 125 స్పీడ్ ఫిల్మ్ వేరే కొననక్కర్లేదు. అది నాకెంతో ఇష్టమైన ఫిల్మే అయినా, ఆ రోజు మీ సంచిలో రెండో రకం ఫిల్మ్ ఉండకపోవడమే మీకు మేలు. హడావిడిలో ఏ రీలు ఏ స్పీడో మరిచిపోవడం ఎంత తేలికో ఒక్కసారి జరిగితే గానీ తెలియదు.

మీటర్ విషయంలో జాగ్రత్త. కెమెరా మీటర్ దేన్ని చూసినా మధ్యస్థంగా ఉండే బూడిద రంగే అనుకుంటుంది. ఫ్రేములో తెల్లటి బట్టలు నిండి ఉంటే వెలుతురు ఎక్కువుందని భ్రమపడి తక్కువ ఇస్తుంది. తెలుపు బూడిద రంగవుతుంది, ముఖాలు నల్లబడతాయి. ముదురు బట్టలుంటే దీనికి ఎదురు జరుగుతుంది. చేతి మీటర్ దొరికితే, మనిషి ముఖం దగ్గర పెట్టి పడే వెలుతురును కొలవండి, అప్పుడు బట్టల రంగుతో పనిలేదు. దొరక్కపోతే మీ అరచేతిని ఆ వెలుతురులోనే పెట్టి దాన్ని కొలిచి, ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వండి. అరచేయి చాలామందిలో మధ్యస్థ బూడిద కన్నా ఒక స్టాప్ లేత. ముందే మీ చేతిని మధ్యస్థ బూడిద రంగు కార్డుతో పోల్చి చూసుకుంటే ఇంకా నమ్మకం. ఎప్పుడు అనుమానం వచ్చినా ఎక్కువ వెలుతురు వైపే మొగ్గండి. ఈ ఫిల్మ్‌లు ఒకటి రెండు స్టాప్‌లు ఎక్కువైతే తట్టుకుంటాయి, తక్కువైతే నీడలు పోతాయి. బయట తీసే రీలును 400 బదులు 250గా పెట్టుకుని తీసినా నేను సంతోషిస్తాను.

రంగుల సంగతి ఒకటి చెప్పాలి, కొత్తవాళ్లు ఇక్కడ ఆశ్చర్యపోతారు. కంటికి ఎంతో వేరుగా కనిపించే ఎరుపు, ఆకుపచ్చ ఈ ఫిల్మ్ మీద దాదాపు ఒకే బూడిద రంగులోకి రావచ్చు. ఎవరేం కట్టుకుంటున్నారో ముందే అడిగి, ఆ రంగుల బట్టలతో టెస్ట్ రీలులో రెండు ఫ్రేములు తీసి చూసుకోండి. బట్టలు మార్చమని అడగలేం, కానీ వాళ్ల వెనక ఏం ఉండాలో మీ చేతిలో ఉంది.

టెస్ట్ రీలు అన్నాను కదా, ఈ జవాబులో మీరు ఒక్కటే పాటిస్తే అది పాటించండి. పెళ్లి జరిగే హాలుకి, పెళ్లి జరిగే వేళకే, అవే దీపాలు వేయించి వెళ్లండి. మీ స్నేహితుల్నెవరినైనా తీసుకెళ్లి నడవమనండి, మాట్లాడుకోమనండి. సగం రీలు కాదు, 36 ఫ్రేములూ 1600గా తీయండి. ఏ చోట ఏ స్పీడ్, ఏ ఎపర్చర్ అన్నది కాగితం మీద రాసుకోండి. పెళ్లి రీళ్లు ఏ ల్యాబ్‌కి ఇవ్వబోతున్నారో అదే ల్యాబ్‌లో, రెండు స్టాప్‌లు పుష్ అని చెప్పి కడిగించండి. నెగటివ్ వెనక నుంచి వెలుతురు పెట్టి చూడండి. ముఖాలు దట్టంగా వచ్చి, ముదురు బట్టల్లో కొంచెమైనా వివరం కనిపిస్తే మీ లెక్క కుదిరినట్టే. నీడలన్నీ తేటగా, ఖాళీగా ఉంటే 1250గానో 1000గానో పెట్టి, అదే పుష్ అడగండి. ఆ రీలులోని నాలుగు ఫోటోలు మీ స్నేహితురాలికి చూపించండి. ఆ గ్రెయిన్ చూసి తను ముఖం చిట్లిస్తే ఇప్పుడే తెలియడం మంచిది, అప్పుడు ఫ్లాష్ గురించో, బయట ఎక్కువ తీయడం గురించో మాట్లాడుకోవచ్చు. తనకు నచ్చితే మీ టెన్షన్‌లో సగం అక్కడే పోతుంది.

రీళ్ల లెక్క: బయటికి రెండు, హాలుకి నాలుగు, అదనంగా రెండు. పెళ్లికి వాడేవన్నీ ఒకే బ్యాచ్ నంబరువి కొనండి. పుష్ రీలు అంతా ఒకే స్పీడ్‌లో తీయాలి, మధ్యలో మార్చకూడదు. బయట తీస్తున్న రీలు సగంలో ఉండగా హాల్లోకి వెళ్లాల్సి వస్తే, మిగతా ఫ్రేముల మీద మమకారం పెట్టుకోకుండా చుట్టేసి కొత్తది వేయండి. ముఖ్యమైన ఘట్టం దగ్గరపడుతుంటే 28వ ఫ్రేమో 30వ ఫ్రేమో నడుస్తున్నా సరే, ముందే మార్చేసుకోండి. కొత్త రీలు వేశాక ఫిల్మ్ తిప్పినప్పుడు ఎడమ పక్క వెనక్కి చుట్టే నాబ్ కూడా తిరుగుతోందో లేదో ప్రతిసారీ చూడండి. అది తిరగకపోతే ఫిల్మ్ పళ్లకు పట్టుకోలేదని అర్థం, మీరు తీస్తున్నదంతా గాలిలోకి పోతుంది. రెండో కెమెరా బాడీ ఎవరైనా అరువిస్తే తప్పక తీసుకోండి. విమానంలో వెళ్లాల్సి ఉంటే రీళ్లను లగేజీలో వేయకండి, చేతి సంచిలో పెట్టుకుని చేత్తో తనిఖీ చేయమని అడగండి. కొత్తగా వచ్చిన సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని మసకబారుస్తాయి, స్పీడ్ ఎక్కువున్న ఫిల్మ్‌కి, పుష్ చేసే ఫిల్మ్‌కి ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆ రోజు డిజిటల్ ఫోటోగ్రాఫర్ ఎలాగూ జరిగేదంతా తీస్తారు. వాళ్ల భుజం పక్కన నిలబడి అదే ఫోటో మీరూ తీయకండి. వాళ్లు జంట వైపు తిరిగినప్పుడు మీరు జంటను చూస్తున్నవాళ్ల వైపు తిరగండి. ఎనిమిది రీళ్లున్న మనిషి ఆగి చూడగలడు, ఫిల్మ్ మీకిచ్చే వరం అదే.

పెళ్లయ్యాక రీళ్లన్నీ ఒకేసారి ల్యాబ్‌కి ఇవ్వకండి. హాల్లో 1600గా తీసినవాటిలో అంత ముఖ్యం కానిది, జనం కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు తీసినది ఒకటి ఏరి, ముందు దాన్ని కడిగించండి. నెగటివ్ చూసుకోండి. పల్చగా వస్తే మిగతావాటికి ఇంకొంచెం సమయం ఇవ్వమని చెప్పే అవకాశం అప్పటికింకా మీ చేతిలో ఉంటుంది. అది బాగా వచ్చాకే పెళ్లి ఘట్టం ఉన్న రీళ్లు కౌంటర్ మీద పెట్టండి.